తొమ్మిదో రోజు ప్రార్థన

ఇలోయిలో నగరం,
సోమవారం.

దర్శకులు లుమాబాన్ గారికి,

మన రేడియో నాటకంలో పోయినవారం చచ్చిపోయిన సెల్సో దొరను శ్రోతల కోరికపై మళ్ళీ బతికిస్తారని విన్నాను. దయచేసి వద్దు.

రంగస్థలం మీదా రేడియోలోనూ ఇరవై ఏళ్ళు కొబ్బరిచిప్పలతో గుర్రపు డెక్కల చప్పుడు చేశాక, నాకు దక్కిన మొదటి మాటల వేషం ఆ దొరదే. దొరను చంపిన తుపాకీ చప్పుడు కూడా బల్లమీద స్కేలు కొట్టి నేనే చేశాను.

ఆరోజే అమ్మ, పోయినవారి ఆత్మశాంతికి చేసే తొమ్మిదిరోజుల ప్రార్థన మొదలుపెట్టింది.

"నేను బతికే ఉన్నానమ్మా!" అన్నాను.

"నీ సంగతెవరడిగార్రా? పోయింది దొర. మోకాళ్ళ మీద కూర్చో" అంది.

రేపే తొమ్మిదో రోజు. వీధంతా భోజనానికి వస్తోంది. పందిని కోసేశాం. ఇప్పుడు దొర లేచొస్తే అమ్మ తలెత్తుకోలేదు.

దొర గుర్రం ఇంకా బతికే ఉంది కదండీ. అది నాకు చాలు.

ఇట్లు,
మీ చప్పుళ్ళవాడు