కట్టిన చోట రంగు ఎక్కదు

12 జూన్ 2023, సోమవారం

ఈరోజు పట్నం ఆసుపత్రిలో ఎర్రమందు ఎక్కించారు.

దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. ఎస్తేరు సిస్టర్ రెడ్ అంటుంది, అంతే. సెలైన్‌లాగా వేలాడదీస్తారనుకున్నాను. కాదు. పెద్ద సిరంజి తెచ్చుకుని, నా పక్కన స్టూలు వేసుకుని, మెల్లమెల్లగా తనే నెట్టింది. చేతులకు గ్లౌజులు, ఒంటికి ఏప్రాన్. ఒక్క చుక్క నరం దాటి బయటవడితే కండ కాలిపోతదమ్మా, జర మంటనిపించినా చెప్పు అంది. ఆమె చర్మానికి తగలకూడనిది నేరుగా నా గుండెలోకి పోతోంది. పుండ్లు పడకుండా నోట్లో ఐసుముక్క పెట్టింది. దాన్ని చప్పరిస్తూ సిరంజినే చూస్తూ కూర్చున్నాను. ఎంత మంచి ఎరుపు! పెళ్లయిన దగ్గర్నుంచి రంగులతోనే బతుకుతున్నాను, అంత శుభ్రమైన ఎరుపు నాకు ఒక్కసారీ కుదరలేదు.

సికింద్రాబాద్ స్టేషన్లో ఒంటేలు ఎర్రగా వచ్చింది. సిస్టర్ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. మా ఆయన దశరథం మాత్రం వినగానే గోడ పట్టుకున్నాడు. రంగే గదా, కడిగితే పోతది అన్నాను.

13 జూన్

వాంతులు. ఇంకేం రాయను.

28 జూన్

దువ్వెన పెడితే జుట్టు మొత్తం దానివెంటే వచ్చింది. మా అమ్మాయి వర్షిత ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టి, తర్వాత బాత్రూంలో నల్లా తిప్పి నేను ఏడ్చాను.

3 జూలై

రెండో ఎర్రమందు. ఈసారి డాక్టరమ్మను అడిగేశాను. గడ్డ రొమ్ములో ఉండె, దాన్ని కోసి తీసేస్తిరి, నడుమ నా జుట్టేం పాపం చేసిందమ్మా అన్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్లే, కానీ విసుక్కోలేదు. మందుచీటీ వెనక బొమ్మ గీసింది. గడ్డ తీసినా దాని విత్తులు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చట, వాటి కోసమే మందు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ దారం ఉంటుందట. ఒకటి రెండు కావాలంటే ముందు ఆ దారం విప్పుకోవాలి. ఎర్రమందు పోయి ఆ పోగుల మధ్య ఇరుక్కుంటుంది. ఇక అది విప్పుకోలేదు, రెండు కాలేదు, చస్తుంది. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని మందుకు తెలియదు. ఎవరు తొందరతొందరగా పెరుగుతున్నారో చూసి కొడుతుంది. క్యాన్సర్ అలా పెరుగుతుంది. జుట్టు కుదుళ్లూ, నోట్లో తోలూ, పేగులూ, నెత్తురూ కూడా అలాగే పెరుగుతాయి.

నా జుట్టు నా నెత్తిమీద అంత కష్టపడి పని చేస్తోందని ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు. నూనె రాయడానికి కూడా బద్ధకించేదాన్ని.

ఏం పని చేస్తారని అడిగింది. ఆలేరులో మగ్గం, చిటికీ పని, నూలుకు ముడులేసి రంగులద్దుతాం అన్నాను. ఎరుపుకు ఏం వాడతారంది. అలిజరిన్ అన్నాను. ఆమె పెన్ను ఆగిపోయింది. ఈ మందుకూ మీ అలిజరిన్‌కూ లోపలి ఎముకల గూడు ఒకే రకం, తోబుట్టువులు కాదుగానీ ఒకే ఇంటిపేరు అనుకోండి అంది.

ఇంటిదాకా రైల్లో అదే ఆలోచన. మా ఇంట్లో గూటిలో డబ్బాలో ఉండే రంగుకు చుట్టం, నా నెత్తుట్లో తిరుగుతోంది. దండం పెట్టాలో తిట్టాలో తెలియలేదు.

13 జూలై

జ్వరం. ఆయన టాక్సీ మాట్లాడి పట్నం తీసుకొచ్చాడు. తెల్లకణాలు అడుగంటాయట. నన్ను గదిలో ఒక్కదాన్నే పెట్టారు. ఎవరు దగ్గినా నేను పోవచ్చు. పొట్టమీద సూది ఇచ్చారు. కొత్త తెల్లకణాలను పుట్టించేదట, ఎముకలన్నీ లోపల్నుంచి పీకుతున్నాయి. ఎముకల్లో నెత్తురు పుడుతుందని ఈరోజే తెలిసింది. ఇంత పెద్ద కార్ఖానా పెట్టుకుని నేను నా వేళ్లను తప్ప ఇంకేం చూసుకోలేదు.

14 ఆగస్టు

ఎర్రమందు అయిపోయింది. వచ్చేసారి నుంచి వేరే మందు. ఏదో చెట్టు బెరడులో దొరికిందట మొదట్లో. డాక్టరమ్మ చెప్పింది: కణం రెండుగా చీలేటప్పుడు లోపల తాళ్లు కడుతుంది, పని కాగానే విప్పుతుంది. ఈ మందు ఆ తాళ్లను తెంపదు. విప్పనివ్వదు. అంతే, కట్టుకున్న తాళ్లలోనే కణం చచ్చిపోతుంది.

విప్పలేని ముడి! ఎవరికి తట్టింది ఇది? చెట్టుకా?

అంత సంబరంగా వింటుంటే ఇంకో మాట చెప్పింది. నరాల్లోనూ ఆ తాళ్లే ఉంటాయట. పొడుగు నరాల చివర్లకు ముందు దెబ్బ. వేళ్లు మొద్దుబారొచ్చు. కొందరికి మళ్లీ స్పర్శ వస్తుంది, కొందరికి రాదు.

మా ఇంట్లో మగ్గం ఆయనది, చిటికీ నాది. నూలును సైకిల్ ట్యూబు పేలికలతో బిగించి కడతాను. కట్టిన చోట రంగు ఎక్కదు, తెల్లగా మిగులుతుంది, అదే డిజైన్. ముడి సరిగ్గా పడిందా లేదా కళ్లకు తెలియదు, వేళ్లకే తెలుస్తుంది. మా అత్త చీకట్లో కట్టించి నేర్పింది. జుట్టు పోతే పోయింది. వేళ్లు పోతే నేను ఎవరిని?

4 సెప్టెంబర్

తెలివితక్కువ పని చేశాను.

కట్టిన చోట రంగు ఎక్కదు కదా, మందెందుకు ఎక్కుతుంది అనుకున్నాను. ట్యూబు పేలికలు రవికెలో పెట్టుకుపోయాను. డ్రిప్ మొదలు కాగానే దుప్పటి కింద వేళ్లు మొదళ్లలో బిగించి కట్టుకున్నాను. కుడి బొటనవేలికి మరీ గట్టిగా, నోటితో లాగి. కాసేపటికి వేళ్లు నేరేడుపండ్లయ్యాయి. ఎస్తేరు సిస్టర్ బీపీ చూద్దామని దుప్పటి తీసి కెవ్వుమంది. కత్తెరతో టకటకా కోసింది. పానం మీద ఆశ లేదా, వేళ్లు కోసెయ్యాల్నా నీకు అని వార్డంతా వినేలా తిట్టింది. ఆయన తల దించుకుని నిలబడ్డాడు.

డాక్టరమ్మ వచ్చింది. నవ్వలేదు. డ్రిప్ మూడు గంటలు నడుస్తుంది, అంతసేపు కడితే మందు కంటే ముందు మీ ముడే వేళ్లను చంపుతుంది అంది. దానికి బదులు వేళ్లకు ఐసు పెడితే నెత్తురు నాళాలు ముడుచుకుని అక్కడికి మందు తక్కువ పోతుందట. అందరికీ పని చేయదట, మాట ఇవ్వలేనంది. మొన్ననే చెప్పాల్సింది, మర్చిపోయానని కూడా అంది.

25 సెప్టెంబర్

చేపలమ్మే పర్వతాలు దగ్గర థర్మకోల్ డబ్బా అడిగి తెచ్చి, ఆయన దాన్నిండా ఐసు నింపి రైలెక్కించాడు. బోగీలో ఇద్దరు లోపల చేపలనుకుని, బొచ్చెలా రవ్వలా, కిలో ఎట్ల అని అడిగారట. ఐసు, మా ఇంటిదాని చేతి వేళ్లకు అన్నాడట ఈయన.

గ్లౌజులు తొడిగి చేతులు ఐసులో పెట్టాను. వేళ్లు ఊడబీకుతున్నట్టు నొప్పి. మధ్యమధ్య తీయడం, మళ్లీ పెట్టడం. పాదాలకూ పెట్టమంది డాక్టరమ్మ. ఐసు చేతులకే సరిపోయింది. కాళ్లతో చిటికీ కడతానా ఏంటి అనుకుని వదిలేశాను.

17 అక్టోబర్

నిన్న ఆలేరు ప్లాట్‌ఫారం మీద దిగి సగం దూరం నడిచాను. వెనక నుంచి ఆయన, అండాలూ, నీ చెప్పు ఏదే అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియలేదు. ఆ కాలి కింద కంకర కూడా తెలియలేదు.

చేతులు ఐసులో, కాళ్లు బయట. ఒకే నెత్తురు, ఒకే మందు. కట్టని చోట ఎక్కింది. ప్లాట్‌ఫారం మీదే కూర్చుని వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకున్నాను. ఉన్నాయి. ఆయన చెప్పు తెచ్చి తనే తొడిగాడు.

22 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. నెత్తికి గుడ్డ కట్టుకుని ఒక్క చుట్టు ఆడాను, కాళ్లకు నేల తెలియకుండానే.

6 నవంబర్

ఆఖరిది అయిపోయింది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని దూదితో తాకింది. వేళ్లన్నీ చెప్పాను, కుడి బొటనవేలు తప్ప. నేను గట్టిగా కట్టినదే. పాదాలు చీలమండ దాకా లేవు. స్పర్శ రావడానికి నెలలు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా అంది. ఎస్తేరు సిస్టర్ నా గుండు మీద ముద్దు పెట్టి, ఇగ ఇటు రాకు అంది.

8 జనవరి 2024

చిటికీకి కూర్చున్నాను. నెత్తిమీద వరిమొలకంత జుట్టు, తెల్లగా. బొటనవేలు పరాయిదానిలా ఉంది. మొదటి ముడి జారింది. రెండోదీ జారింది. ఆయన మగ్గం ఆడిస్తూనే ఉన్నాడు, కానీ చప్పుడు తాళం తప్పింది, వింటున్నాడు. కళ్లు మూసుకున్నాను. మిగతా వేళ్లు బొటనవేలికి దారి చూపించాయి. ముడి పడింది. సరిగ్గా పడిందో లేదో తెలియదు, రంగేసి విప్పితేనే తెలుస్తుంది.

10 ఫిబ్రవరి

కట్టడం అయింది. ఆయన ఎరుపులో ముంచి ఆరేశాడు.

11 ఫిబ్రవరి

ముడులు విప్పాను. తెలుపు తెల్లగానే ఉంది.

ఒక్క చోట ఎరుపు లోపలికి కారింది, జొన్నగింజంత. అది బొటనవేలు తప్పిన ముడి. గా మచ్చ అట్లనే ఉండనియ్యి, గట్లనే మగ్గం మీద నేస్త అన్నాడాయన.

లోపల నేనూ ఇలాగే ఉండి ఉంటాను.