బాబాయ్ ఈల

బాబాయ్,

గొంతు ఆపరేషనయ్యాక ఈల రావట్లేదని మూతి ముడుచుకుని కూర్చుంటున్నావట, పిన్ని ఫోన్లో చెప్పింది. ఇది చదివాక కూర్చో.

పిట్టపిల్లలు తండ్రి దగ్గర పాట ఎలా నేర్చుకుంటాయో పరిశోధించే మా ల్యాబులో, నువ్వేమో పంజరాలు కడుగుతూ ఈలలు వేసి మేడమ్ చేత చీవాట్లు తినేవాడివి, గుర్తుందా? అప్పటి పిల్లలు నీ ఈలే నేర్చాయి. వాటి పిల్లలు వాటి దగ్గర నేర్చాయి.

నిన్ను ఏనాడూ చూడని బుడతడొకడు నిన్న అదే పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆగిపోయాడు. మర్చిపోయాడేమో అనుకున్నాను. కాసేపాగి మళ్ళీ అక్కడినుంచే అందుకున్నాడు.

నువ్వు ఈల ఆపి, గింజల గిన్నెలో పొట్టు ఊదేది అక్కడే కదా బాబాయ్.

నీ అన్న కూతురు