మంచు పగిలిన వారం

మార్చి 28

డైరెక్టర్ గారిది మళ్ళీ అదే ప్రశ్న. మన నది ఏడాదికి ఎన్ని టన్నుల బురద సముద్రంలో కలుపుతోంది? ఎలా చెప్పను? చలికాలమంతా గడ్డకట్టి ఉండే నది. వసంతంలో మంచు పగిలే ఆ ఒక్క వారంలోనే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ వారం శాంపిల్ పదకొండేళ్ళుగా ఒక్కటీ లేదు. మా పడవాయన ఎండ కాస్తేనే నీళ్ళలోకి దిగుతాడు. భయమైతే పడవ అమ్ముకోమని ఇవాళ మొహం మీదే అనేశాను.

మే 2

మంచు పగిలింది. వెళ్ళాడు! నది నడిమధ్య నుంచి పది లీటర్ల క్యాన్లు ఆరు తెచ్చాడు. సీసాలైతే మంచుగడ్డలు తగిలి పగులుతాయట. గడ్డకీ పడవకీ మధ్య కుడిచేతి వేళ్ళు రెండు నలిగాయి. కట్టు చూసి ఏదో అనబోయాను. ముందు లెక్క తేల్చండి మేడమ్, మాటలు తర్వాత అన్నాడు.

మే 9

తేలింది, నా ఖర్మ. ఆరు క్యాన్లలోంచీ గ్లాసుతో తీసి ఫిల్టర్ చేశాను, ఆరబెట్టాను, తూచాను. వేసవి నీళ్ళకన్నా తేట! అంటే నడిమధ్యకి వెళ్ళనేలేదు, ఒడ్డున ముంచుకొచ్చాడు. వేళ్ళంటారా, ఎక్కడ పడ్డాడో. ఒళ్ళు మండిపోయింది. మిగిలిన నీళ్ళన్నీ సింకులో పారబోసి డైరెక్టర్ గారికి మెయిల్ కొట్టేశాను.

మే 10

పడవాయన్ని తీసేశారు.

మే 13, ఉదయం 11

గోరుచుట్టు మీద రోకలిపోటు. ల్యాబ్ సింకు జామ్. ప్లంబర్ వచ్చి కింద పైపు విప్పాడు. గ్లాసుడు బురద. నల్లగా, మెత్తగా. ఇక్కడేమన్నా సాగు చేస్తున్నారా మేడమ్ అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. సీసాలైతే ఎప్పుడూ కుదిపే పోస్తాను. క్యాన్లు బరువని కుదపలేదు. వారం రోజుల్లో బురదంతా అడుక్కి దిగిపోయింది, నేను పైన తేట తూచాను. అసలుది పారబోసి ఆ మనిషిని అబద్ధాలకోరని రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

డైరెక్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన్ని మళ్ళీ తీసుకుంటారట. పడవాయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది వాళ్ళావిడ. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళా అంది. తలొంచుకునే లోపలికి వెళ్ళాను. ఆయన ఎడమచేత్తో సూప్ తాగుతూ అంతా విన్నాడు. వచ్చే ఏడు మంచు పగిలినప్పుడు మళ్ళీ వెళ్తారా అని అడిగాను. వెళ్తాగానీ, క్యాన్లు మీరు ముంచాలి అన్నాడు.

నాకు ఈత రాదు.

మే 14

ఈ ఏడూ పట్టికలో ఆ వారం గడి ఖాళీ.

మరుసటి ఏడు, మే 4, నది మీద

చేతులు కొంకర్లు పోతున్నాయి. క్యాన్ కుదిపాను. ఇంకా కుదపమన్నాడు.