నీ బండ్ల లెక్క తప్పేనని సైన్సు బుక్కుల ఉన్నది

పెద్దోని నాయినా,

నువ్వు పోయి నేటికి యాడాదాయె. నేను చెప్తుంటే నీ మనుమరాలు సుజాత రాస్తుంది.

గీ పోరి కెమిస్ట్రీల తప్పి, ఇగ బాన్సువాడ కాలేజీకి పోనని మొన్న మూలకు కూసున్నది. ఏందే నీ ఫికర్ అంటే చెప్పింది.

"అవ్వా, మోల్ అంటే డజను అసొంటిది, గని మస్తు పెద్దది. ఒక మోల్ నీళ్ల అణువులల్ల పరమాణువులు ఎన్ని మోల్స్ అంటే ఒకటేనని రాసిన. సున్న ఏసిండ్రు."

ఒక్కో నీళ్ల అణువుల రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉంటయట.

"ఓసి పిచ్చిదానా, అది చెరుకు బండే! రెండెడ్లు, తోలేటోడొకడు. డజను బండ్లొస్తే ఎన్ని పానాలే?"

"మూడు డజన్లు!" అని లేసి కూసున్నది. ఇయ్యాల మల్ల పెట్టిన పరీక్షల మూడు మోల్స్ అని రాసొచ్చింది. రైటే అన్నరట.

మన చెరుకు కోతకు డజను బండ్లొస్తే నువ్వు గూడ గదే తప్పు చేసినవు. డజను గడ్డి మోపులే తెచ్చి సగం ఎడ్లను పస్తుంచినవు. ఎద్దుకొక మోపు గావాలె అన్నందుకు మూడు దినాలు నాతోని మాట్లాడలేదు.

ఇప్పుడు సైన్సు బుక్కు నా దిక్కే ఉన్నది. అయినా నువ్వు ఒప్పుకోవు, నాకెరుకే. ఒక్కపారి వొచ్చి కొట్లాడిపో.