పదమూడో నంబరు జాగా, రెండు కుర్చీలు

సరస్సు ఒడ్డున ఉన్న ఈ క్యాంపు పార్కులో, పదమూడో నంబరు జాగాలో, క్యారవాన్ బండి నిలుపుకుని అందులోనే కాపురం ఉంటున్న నేను, వయసు డెబ్భై ఒకటి, ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైనవాణ్ణి, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాస్తున్నాను. ఒత్తిడి చేయడానికైనా మనిషంటూ ఒకరు రావాలి కదా. ఐదేళ్ళుగా నా గుమ్మం దగ్గరికి ఎవరూ రాలేదు.

వచ్చే మంగళవారం నా గుండెకి ఆపరేషన్. "భయపడాల్సిందేమీ లేదు, అయినా రాసుకోవాల్సినవేమైనా ఉంటే రాసుకోండి" అన్నాడు డాక్టరు. ఆ రెండో ముక్క అనకపోతే మొదటిది నమ్మేవాణ్ణి.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. మాకు పిల్లలు లేరు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే బండి రెండోవారిది అని మా ఆవిడా నేనూ నోటిమాటగా అనుకున్నాం. ఐదేళ్ళ కిందట ఆవిడ ముందు పోయింది. ఇప్పుడు నేను కాగితం రాయకుండా పోతే బండి మా అన్నయ్య చేతిలో పడుతుంది. అది జరగకూడదు.

1. నా క్యారవాన్ బండిని, అందులోని పొయ్యి, మంచం, నీళ్ళ పైపు, మా ఆవిడ కుట్టిన ఎండ పందిరితో సహా, చనిపోయిన మా చెల్లెలి కూతురికి, అంటే నా మేనకోడలికి, సర్వహక్కులతో ఇస్తున్నాను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. కొరియర్ వ్యాను నడుపుతుంది కాబట్టి ఇంత పొడుగు బండిని తిప్పగలదు. ప్రతి ఆదివారం ఫోను చేసి "మామయ్యా, బాగున్నావా?" అంటుంది. "బాగున్నానమ్మా" అంటాను. అక్కడితో మాటలు అయిపోతాయి. తప్పు ఆమెది కాదు, బాగోలేదని చెప్పడం నాకు చేతకాలేదు.

ఆమెకు ఒకే ఒక్క హెచ్చరిక. గుమ్మం కింది మెట్టును లోపలికి తోయకుండా బండి కదిలించకూడదు. నేను ఒకసారి కదిలించాను. మెట్టూ వంగింది, గేటు స్తంభమూ వంగింది. అప్పటినుంచి మా ఆవిడ ఆ స్తంభం దాటినప్పుడల్లా దానికి నమస్కారం పెట్టి మరీ నావంక చూసేది.

2. మా అన్నయ్యకు, బండి కప్పు కారే చోట నేను పెట్టుకున్న నీలం ప్లాస్టిక్ బకెట్టు ఇస్తున్నాను. ఈ బండి ఆయన నాకు అమ్మిందే. "వాన చుక్క దిగితే నా చెవి కోసిస్తాను" అన్నాడు. దిగిన చుక్కలన్నీ ఈ బకెట్టుకు తెలుసు. ఆయన చెవులు రెండూ ఇప్పటికీ భద్రంగానే ఉన్నాయి. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు, అందుకని ఈ విషయం మీద మేం మాట్లాడుకోవడం మానేశాం. తరవాత మరే విషయం మీదా మాట్లాడుకోలేదు.

3. చక్రాల కింద పెట్టే నాలుగు చెక్కలు, నా రసమట్టం, నా తరవాత పదమూడో నంబరులో ఎవరు దిగితే వాళ్ళకి. ఇక్కడ నేల ఎడమవైపు సరస్సులోకి వాలి ఉంటుంది. మేం వచ్చిన కొత్తలో మా ఆవిడ నిద్రలో దొర్లుకుంటూ వచ్చి నామీద పడేది. వారం తిరిగేసరికి నేను చెక్కలు పెట్టి, మట్టం చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బండి నిలబెట్టాను. "ఇంత సరిగ్గా చేయమని ఎవరు ఏడ్చారు?" అంది. లిఫ్టు మేస్త్రికి వంకర చూస్తే చేతులు ఊరుకోవు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ఒక్క వంకరా ఉంచాల్సింది.

4. పక్కన పద్నాలుగో నంబరులో ఉంటున్న రిటైర్డు నర్సమ్మకు, నా కిటికీ తెర ఇస్తున్నాను. ప్రతిరోజూ పొద్దున్నే తన బండి మెట్టు మీద నిలబడి నా కిటికీ వంక గుడ్లప్పగించి చూడటం ఆమెకు అలవాటు. చూస్తుంది, లోపలికి పోతుంది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా "ఎలా ఉన్నారు" అనలేదు. మా ఆవిడ ఉన్నప్పుడు మాత్రం రోజూ మా దగ్గరే ఆమె కబుర్లు. నేను పోయాక చూడటానికి ఏమీ ఉండదు కనుక, ఆ తెరేదో ఆమే ఉంచుకోవచ్చు.

5. మా ఆవిడ కుర్చీ. దీని గురించి కొంచెం చెప్పాలి.

ఈ పార్కులో ఒక అలవాటుంది. బండి ముందు ఒక కుర్చీ ఎక్కువ తెరిచి పెడితే, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని అర్థం. మడిచి పెడితే, దయచేసి మమ్మల్ని వదిలేయండని అర్థం. కంచెలూ ప్రహరీలూ లేని చోట మర్యాద ఎలా కాపాడుకోవాలని మా ఆవిడే ఆలోచించి మొదలుపెట్టింది. రెండేళ్ళలో అన్ని బండ్లవాళ్ళూ అందుకున్నారు. మాకున్నవి రెండే, అయినా ఆవిడ కుర్చీ ఎప్పుడూ తెరిచే ఉండేది, ఎవరైనా వస్తే తను మెట్టు మీద కూర్చునేది. "ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం" అని నేను ఆటపట్టిస్తే, "మర్కటానికి జోడు మర్కటమే దొరుకుతుంది, ఇరుగ్గా ఉంటే బయటికొచ్చి కూర్చోండి" అనేది.

ఆవిడ పోయినరోజు నేను ఆ కుర్చీ మడిచి, తాడుతో కట్టి, బండి వెనక తగిలించాను. ఖాళీగా చూడలేకపోయాను. మడిచిన కుర్చీకి అర్థం నాకూ తెలుసు. అయినా ఎవరో ఒకరు రూలు పక్కన పెట్టి వస్తారనుకున్నాను. ఈ పార్కు జనం అంత బుద్ధిమంతులని నాకు తెలియదు. ఒక్కరూ రాలేదు. మొదట కోపం వచ్చింది, తరవాత పౌరుషం వచ్చింది. ఇప్పుడు రెండూ పోయాయి, ఒంటరితనం మిగిలింది. ఆ కుర్చీని ఎవరికీ ఇవ్వొద్దు. నాతోపాటు దాన్నీ ఇక్కడినుంచి తీసేయాలి.

6. నా గాలం గేటు దగ్గరి గుమాస్తాకు. "ఈ సరస్సులో చేపలెక్కడివండీ" అని పన్నెండేళ్ళుగా నవ్వుతున్నాడు. నాకూ దొరకలేదు కానీ, ఆ మాట అతనితో ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పైదంతా బుధవారం రాశాను. ఇక్కడినుంచి రాసేది ఆదివారం.

బుధవారమే సంతకం చేసి కవరులో పెట్టేద్దామనుకున్నాను. వకీలుకు ఫోను చేస్తే, "ఇద్దరు సాక్షులు మీ ఎదురుగా ఉండి సంతకం పెట్టాలండీ. వాళ్ళకి వీలునామాలో చిల్లిగవ్వ కూడా రాయకూడదు. లేకపోతే రేపు మీ అన్నయ్య పేచీ పెడతాడు" అన్నాడు. గుమాస్తాకు గాలం రాసేశాను. మేనకోడలికి బండి రాసేశాను. ఇంకెవరున్నారా అని లెక్కపెట్టుకుంటే వేళ్ళు మడవాల్సిన అవసరమే రాలేదు. గురువారం, శుక్రవారం, శనివారం ఈ కాగితం బల్లమీదే ఉంది. ఎవరి తలుపో తట్టి "నేను చచ్చిపోతానేమో, వచ్చి సంతకం పెట్టండి" అని అడగడం నావల్ల కాలేదు.

ఈరోజు పొద్దున ఈ కాగితం జేబులో పెట్టుకుని, బండి వెనక్కి వెళ్ళి తాడు విప్పాను. కుర్చీ బందులు తుప్పుపట్టి తెరుచుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ లిఫ్టు తలుపులకు నూనె వేసిన చెయ్యి ఇది, ఇంట్లో కుర్చీకి వేయలేదు. నూనె వేశాను, తుడిచాను, నా కుర్చీ పక్కన తెరిచి పెట్టాను. సరస్సు వంక చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాకపోతే ఏం చేయాలో ఆలోచించుకోలేదు.

నర్సమ్మ తన బండి మెట్టు మీదే ఉంది. టీ గ్లాసు చేతిలో పెట్టుకునే వచ్చేసింది. కుర్చీల ముందు పరిచిన చాప అంచున ఆగి, "కూర్చోనా అన్నయ్యగారూ?" అంది. తలూపాను. కూర్చుంది. టీ ఒక గుక్క తాగి తనే అంది: "రోజూ పొద్దున మీ కిటికీ తెర పక్కకి జరిగిందాకా చూసి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను. ఒక్కోరోజు మీరు ఆలస్యంగా లేస్తారు. ఆ రోజు నాకు టీ ఉండదు."

బుధవారం రాసిన నాలుగో అంశం జేబులోనే ఉంది.

ఈలోగా పడవలు అద్దెకిచ్చే మేస్త్రి పరుగులాంటి నడకతో వచ్చాడు. "పడవ అడిగినవాళ్ళని ఒడ్డున నిలబెట్టొచ్చాను పెద్దాయనా, మళ్ళీ ఎక్కడ మడిచేస్తారోనని" అన్నాడు. మూడో కుర్చీ లేక మెట్టు మీద కూర్చున్నాడు. సాక్షి సంతకాలు పెడతారా అని ఇద్దరినీ అడిగాను, సరేనన్నారు. కాబట్టి ఈ కింది మార్పులు చేస్తున్నాను.

7. నాలుగో అంశాన్ని పూర్తిగా రద్దు చేస్తున్నాను. తెర కిటికీకే ఉండాలి. మంగళవారం పొద్దున నేను ఆస్పత్రిలో ఉంటాను, ఆ రోజు తెర జరగదు. ఆ సంగతి నర్సమ్మకు ముందే చెప్పాను, టీ మానుకోవద్దని కూడా చెప్పాను. సాక్షులు ఈ కాగితం చదవనక్కర్లేదని వకీలు అన్నాడు. బతికిపోయాను.

8. ఐదో అంశంలో కుర్చీ తీసేయాలన్న మాట కూడా రద్దు. ఆ కుర్చీ ఎవరికి రాయాలో నాకు ఈరోజు తెలిసింది, కానీ సాక్షికి ఏమీ రాయకూడదట. ఐదేళ్ళలో మొదటిసారి ఒకరికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే చట్టం అడ్డొచ్చింది. అందుచేత దాన్ని ఎవరికీ రాయడం లేదు. నేను తిరిగొచ్చినా రాకపోయినా, నా మేనకోడలు బండి తీసుకెళ్ళినా, కుర్చీ మాత్రం పదమూడో నంబరు జాగాలోనే ఉండాలి. తెరిచి ఉండాలి. ఏడాదికొకసారి బందులకు నూనె వేయాలి. ఇందులో ఎవరు కూర్చుంటారన్నది వీలునామాలో రాయాల్సిన విషయం కాదు. ప్రస్తుతం నర్సమ్మ కూర్చుని ఉంది, పెన్ను అడుగుతోంది.

తేదీ: సెప్టెంబరు ఇరవై ఒకటి, రెండువేల ఇరవై ఐదు, ఆదివారం, ఉదయం పదిన్నర.

రాసి ఇచ్చినవారి సంతకం: పదమూడో నంబరు లిఫ్టు మేస్త్రి (పక్క కుర్చీలో కూర్చుని సంతకం చేసినవాడు)

మొదటి సాక్షి: పద్నాలుగో నంబరు నర్సమ్మ (కుర్చీలో కూర్చుని సంతకం చేసినది)

రెండో సాక్షి: పడవల మేస్త్రి (మెట్టు మీద కూర్చుని సంతకం చేసినవాడు)