దుమ్ము తప్పు కాదన్నా

అన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కొట్టు తెరవకముందే టైప్ చేస్తున్నా, ఇది నీకు కాక ఎవరికి చెప్పను.

మన లాబ్రడార్ జూలీకి చూపు పోయింది కిరండూల్ ఇనుప గనుల ఎర్రదుమ్ము వల్ల కాదు. స్కూటర్ మీద ముందు నిలబెట్టి బచేలి దాకా తిప్పేవాడివి కదా, "నేనే గుడ్డిదాన్ని చేశాను రా" అని ఆఖరిదాకా కుమిలిపోయావు. ఈమధ్య పశువుల డాక్టరు దాని బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపాడు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చిన జబ్బంట. "దుమ్ముదేం తప్పు లేదయ్యా" అన్నాడు. దాని తల్లీ తండ్రీ మన దగ్గరే ఉన్నాయిగా, ఆ జంటని ఇక పిల్లల కోసం కలపనని చెప్పేశా. కుక్కపిల్లలు అడిగినవాళ్ళు అలిగారు, అలగనీ.

చూపు పోయాక జూలీని నువ్వు స్కూటర్ ఎక్కించనేలేదు. నిన్న నేను స్టార్ట్ చేస్తే తడుముకుంటూ వచ్చి తన చోట్లో ఎక్కి నిలబడింది. బచేలి దాకా తిప్పుకొచ్చా అన్నా.