నాన్న కారు మీద అక్షరాలు

మార్చి 3, సోమవారం

స్టిక్కర్లు వచ్చేశాయి. రెండు డోర్లకీ నా డ్రైవింగ్ స్కూలు పేరు, ఫోన్ నంబరు. వెనక అద్దానికి అరచేయంత ఎర్ర ఎల్.

షాపతను తానే అంటించి ఇస్తానన్నాడు. కానీ అతనికి ఖాళీ దొరికేది వచ్చే వారమట. నాకంత టైం లేదు. పదో తారీఖు పొద్దున రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. రెండు వైపులా పేరు, వెనక ఎల్ ఉంటేనే డ్రైవింగ్ స్కూలుకి పర్మిషన్. ఏ ఒక్కటి తక్కువైనా మళ్ళీ అప్లై చేసుకోవాలి, మళ్ళీ నా వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇన్నాళ్ళూ నేర్పిన డ్రైవింగ్ స్కూలు ఓనర్ ముఖాన రాజీనామా కొట్టి వచ్చాను. తిరిగి అదే గుమ్మం ఎక్కి, మేడమ్ ఆడవాళ్ళకి మాత్రమే నేర్పుతుందండీ అని పరిచయం చేయించుకోవడం నా వల్ల కాదు.

కారు నాన్నది. బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యాక కొనుక్కున్నాడు. చూపు మందగించాక తాళాలు తానే అమ్మ చేతిలో పెట్టేశాడు. అప్పటినుంచి అది షెడ్డులోనే ఉంది, పెళ్ళికూతురిలా మెరుస్తూ. స్కూలుకి ఇస్తావా అని అడిగితే ఊఁ అన్నాడు. మీ నాన్న ఊఁ అన్నాడంటే పెద్ద ఉపన్యాసం ఇచ్చినట్టేనే అంది అమ్మ. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ ఊఁ అన్నప్పుడు నా వైపు చూడలేదు.

మార్చి 5, బుధవారం

అంటించేశాను. నడుం పడిపోయింది.

వీడియోల్లో ముందు సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత స్పిరిట్‌తో తుడవమన్నారు. కడిగాను. స్పిరిట్ వదిలేశాను. ముఖం చూసుకునేంత శుభ్రంగా ఉన్న డోరుని ఇంకా ఏం తుడుస్తాం? స్టిక్కర్ వెనక కాగితం ఒలిచి, నీళ్ళు స్ప్రే చేసి, డోరు మీద పెట్టి, పాత ఐడీ కార్డుతో మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ వచ్చాను. పైన అక్షరాలన్నిటినీ కలిపి పట్టుకునే టేపు ఒకటి ఉంటుంది. దాన్ని చివరికి మెల్లగా లాగేశాను. రెండు బుడగలు వస్తే సూదితో పొడిచాను.

అంతసేపూ నాన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాగుందా అని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. బాగుందా అంటే బాగుందనో లేదనో చెప్పాలి గానీ, నీ ఇష్టం ఏమిటి?

మార్చి 6, గురువారం, పొద్దున 7

ఎడమ డోరు మీద రెండు అక్షరాల అంచులు లేచాయి. వేలితో నొక్కాను.

సాయంత్రం 5

ఆరు లేచాయి.

మార్చి 7, శుక్రవారం

కుడి డోరు మీద ఫోన్ నంబరులో చివరి అంకెలు లేవు. ఒకటి కారు కింద దొరికింది, మట్టి కొట్టుకుపోయి. గాలికి ఊడిపోయిందేమోలే అంది అమ్మ. షెడ్డులో గాలి ఎక్కడిది? అక్కడ బట్టలు కూడా ఆరవు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను కాదు. అమ్మకి కారు మీద గానీ అక్షరాల మీద గానీ ఏ పట్టింపూ లేదు. ఇక మిగిలింది ఎవరో రాయడానికి చెయ్యి రావడం లేదు.

మార్చి 8, శనివారం, మధ్యాహ్నం 2

బజారు నుంచి వచ్చేసరికి వెనక అద్దం మీద ఎల్ లేదు. అద్దం నున్నగా ఉంది. కారు కింద వెతికాను, షెడ్డు మూలల్లో వెతికాను. ముక్క కూడా దొరకలేదు.

నాన్న ఎడమ డోరు దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో గుడ్డ. నా స్కూలు పేరు మీద గుండ్రంగా రుద్దుతున్నాడు. ఒక అక్షరం గుడ్డకి అంటుకుని వచ్చేసింది, నా కళ్ళముందే.

అరిచాను. ఇష్టం లేకపోతే ఆరోజే చెప్పాల్సింది, ఇలా దొంగతనంగా పీకడమెందుకు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. నీకు చేతకావడం లేదని నన్నూ ఇంట్లో కూర్చోమంటావా అని కూడా అన్నాను. నాన్న గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఎల్లుండి ఇన్‌స్పెక్టర్. నా దగ్గర సగం పేరున్న కారుంది.

సాయంత్రం 6

షాపతనికి ఫోన్ చేశాను. మొత్తం మళ్ళీ కట్ చేసిమ్మని బతిమాలాను. ఊడటమేంటమ్మా, దేంతో తుడిచారు అని అడిగాడు. వెళ్ళి షెడ్డులో నాన్న సామాన్లు వెతికితే పాలిష్ డబ్బా దొరికింది. పేరు చదివి వినిపించాను. అతను నవ్వాడు. అది మైనంతో చేసిన పాలిష్, రోజూ పూస్తే దాని మీద ఏ గమ్మూ పట్టదమ్మా, వెన్న రాసిన పళ్ళేనికి కాగితం అంటించినట్టే అన్నాడు. అందుకే స్పిరిట్‌తో తుడవమనేది అన్నాడు.

కొన్నప్పటి నుంచీ నాన్న రోజూ కారుకి పాలిష్ పెడతాడు. ఈ వారం అక్షరాల చుట్టూ కూడా పెట్టాడు, లోపలికి దుమ్ము పోకుండా ఉంటుందని కాబోలు. తప్పు నాది. నేనాయన్ని దొంగని చేశాను.

వెళ్ళి చెప్పాను. సారీ అన్నాను. నాన్న చాలాసేపు గోడకేసి చూశాడు. తర్వాత లేచి స్పిరిట్ ఎక్కడుంది అన్నాడు. ఇద్దరం కలిసి రెండు డోర్లూ తుడిచాం. మధ్యలో నాకు ఏడుపొచ్చింది. ఆయన గమనించనట్టే ఉన్నాడు.

మార్చి 9, ఆదివారం, పొద్దున 11

పొద్దున్నే షాపతను కొత్తవి కట్ చేసిచ్చాడు. డోర్లు రెండూ అయిపోయాయి. నాన్న టేపు ఒక చివర పట్టుకున్నాడు. గోటితో గీకినా అక్షరం కదల్లేదు. ఇక అద్దం ఒక్కటే మిగిలింది. మనసు దూదిపింజలా ఉంది.

మధ్యాహ్నం 3

లేదు. అద్దం సంగతి వేరు. ఇప్పుడే షాపతనే ఫోన్ చేశాడు, ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి. అద్దం మీది ఎల్ కూడా దానంతటదే ఊడిందంటే ఆశ్చర్యపోయాడు. అద్దానికి ఎవరూ పాలిష్ పెట్టరు కదమ్మా, దాన్ని గోరు పెట్టి పీకాల్సిందే అన్నాడు.

నాన్న అద్దాలకి నీళ్ళూ పాత పేపరూ తప్ప ఏదీ తగలనివ్వడు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మని సూటిగా అడిగాను. అమ్మ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. డిపోలో ఎవరైనా బస్సుకి గీత పెడితే ఆ డ్రైవర్‌ని అందరూ ఎల్ బోర్డూ అని పిలిచేవారట, రోజుల తరబడి. మీ నాన్నని సర్వీసంతా ఒక్కసారి కూడా ఎవరూ అలా పిలవలేదే అంది.

పేరు ఫర్వాలేదు. నంబరు ఫర్వాలేదు. ఆ ఒక్క అక్షరం ఆయన కారు మీద ఉండకూడదు. నేను కారు అడిగానే తప్ప ఆ అక్షరం సంగతి అడగలేదు. కోపం వస్తోంది. నిన్న నేను సారీ చెబుతుంటే గోడకేసి చూస్తూ ఎలా ఊరుకున్నాడు? కోపంతో పాటు జాలి కూడా వస్తోంది, దానికి ఇంకా మండుతోంది.

సాయంత్రం 5

కొత్త ఎల్ తీసుకెళ్ళి నాన్న ముందు టీపాయ్ మీద పెట్టాను. ఇది నేను అంటించను నాన్నా అన్నాను. కారు నీది. ఇది లేకపోతే పర్మిషన్ రాదు. వద్దనుకుంటే చెప్పు, ఇన్‌స్పెక్టర్‌కి రావద్దని ఫోన్ చేసేస్తాను అన్నాను.

నాన్న టీవీ సౌండ్ కాస్త పెంచాడు.

మార్చి 10, సోమవారం

ఇన్‌స్పెక్టర్ కారు చుట్టూ తిరిగి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూశాను. అద్దంలోంచి ఎల్ వెనక వైపు కనిపిస్తోంది. గమ్ములో ఒక బొటనవేలి ముద్ర ఉంది. నాది కాదు.